నాలుగో చెట్టు నీడ

కంట్రోలర్ పెట్టె కూత మొదలుపెట్టేసరికి పొద్దున్న పదిన్నర దాటింది.

పెద్ద కూతేం కాదు. బ్యాటరీ అడుగంటిందని చెప్పే చిన్న కీచు. ఆకలేసిన పిట్టపిల్లలాగ ఆగి ఆగి అరుస్తోంది. దీవెన చేతిలో చేట అక్కడే పడేసి ఇల్లుగా మార్చుకున్న ట్రక్కు మీదికి ఒక్క అంగలో ఎక్కింది. మామగారి నడుము కింద అరచెయ్యి దూర్చి చూసింది. గాలిపరుపు ఇంకా బిగువుగానే ఉంది. ఆయన తల పక్కన మేకుకి వేలాడుతున్న పంపు ఇంకా కొట్టుకుంటోంది.

"ఏమైందే?" కప్పు మీంచి మొగుడు సాలమోను గొంతు.

"ఎర్రదీపం వచ్చేసిందండి."

"ఎర్రదీపమేంటి? నిన్ననే రెండు ప్యానెళ్ళు బిగించేను. ఎండ పేలిపోతోంది. సరిగ్గా చూడు."

"కళ్ళున్నాయండి నాకు. ఎరుపే."

"నీడొచ్చేసిందిరా," అన్నాడు మామగారు ఎలీషా, మంచం మీంచి. ఆయనకి కప్పు కనబడదు. తలుపులోంచి బారెడు నేల కనబడుతుంది, అంతే. ఆ నేల మీద నీడ ఎక్కడికొచ్చిందో చూసి చెప్పాడు. "నాలుగో చెట్టు తల. ఇంక రెండింటి దాకా కదలదు."

కప్పు మీద రేకు చప్పుడు ఆగిపోయింది. సాలమోను దిగలేదు. దీవెన మెడ బయటికి పెట్టి చూసింది. నల్లటి రెండు ప్యానెళ్ళ మీద కొబ్బరిమట్టల నీడ దువ్వెన పళ్ళలాగ పరుచుకుని ఉంది. సాలమోను ఆ నీడ మీద చెయ్యి పెట్టాడు. తుడిస్తే పోతుందేమో అన్నట్టు తుడిచాడు కూడా.

నాలుగేళ్ళు మస్కట్ ఎడారిలో అతను చేసిన పని అదే. మైళ్ళకొద్దీ పరిచిన ప్యానెళ్ళ మీద దుమ్ము తుడవడం. ఆ దేశంలో దుమ్ము మాటే గాని నీడ మాట లేదు. చెట్టుంటే కదా. కోనసీమవాడై పుట్టి, కొబ్బరి నీడలో పెరిగి, సోలార్ అనేది మాత్రం ఎడారిలో నేర్చుకొచ్చాడు. ఆ ఎడారి లెక్కే తెచ్చి ఇక్కడ వేశాడు.

లెక్క తప్పని ఎవరూ అనలేరు. నోటు పుస్తకంలో మొన్న మే నెలలోనే గీసి పెట్టాడు. పంపుకి ఎనిమిది వాట్లు, ఫ్యానుకి ఇరవై ఎనిమిది, బల్బుకి తొమ్మిది, రెండు ఫోన్లు. పన్నెండడుగుల కప్పు మీద రెండు ప్యానెళ్ళు. గాలివాన వస్తే పడుకోబెట్టడానికి చట్రానికి బందులు. కాయ రాలి అద్దం పగలకుండా చెట్ల వరసకి నలభై అడుగుల దూరంలో బండి. అన్నీ ఆలోచించాడు. కాయ పడకుండా చూసుకున్నాడు గాని నీడ పడుతుందనుకోలేదు.

మే నెలలో పొద్దు నడినెత్తిన నిలబడుతుంది. చెట్టు నీడ చెట్టు మొదట్లోనే ఉంటుంది. ఇప్పుడు క్రిస్మస్‌కి ఇంకా పది రోజులుంది. పొద్దు దక్షిణానికి వాలిపోయింది. నలభై అడుగుల అవతల నిలబడ్డ చెట్టు తన తలకాయ నీడ తెచ్చి సరిగ్గా వీళ్ళ కప్పు మీద పెట్టింది.

సాలమోను దిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నీకు ముందే తెలుసు కదూ నాన్నా?"

"ఎండాకాలంలోనే చెప్పేను. కార్తీకం వచ్చాక ఓసారి చూసుకోమన్నాను. ఎప్పుడైనా విన్నావా?"

"గట్టిగా చెప్పాలి నాన్నా."

"గట్టిగానే చెప్పేను. నువ్వు ఫోన్లో ఏదో దిక్సూచి పెట్టుకుని తిరుగుతున్నావు. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ చెట్ల మీద బతికినోడిని, నన్నడిగితే సరిపోయేది. నువ్వు ఫోన్నడిగేవు."

"ఇప్పుడది కాదండి," అంది దీవెన. "బ్యాటరీ మాట చూడండి. ఛార్జింగు షాపుకి తీసుకెళ్ళిపోండి."

"ఆదివారం. షాపు తియ్యడు."

కీచు ఆగలేదు.

పోయిన పదిహేను రోజులుగా ఇదే బతుకు. పక్క మోటారు షెడ్డు నుంచి లాగిన తీగని లైనువాళ్ళు వచ్చి చూసి తెంపేసిన నాటి నుంచి కరెంటు లేదు. సాలమోను రోజూ బ్యాటరీని సైకిల్ క్యారేజీకి కట్టి సెంటర్లో ఛార్జింగు షాపుకి తీసుకెళ్ళడం, అది వచ్చేదాకా పరుపులో గాలి లేక ఎలీషా రాతిబల్ల మీది శవంలాగ పడుండటం. దీవెన గంటకోసారి ఒత్తిగించి పడుకోబెట్టేది. అయినా నడుము కింద రూపాయి బిళ్ళంత పుండు లేచింది. డాక్టరు గుడ్డ తీసి చూసి, మొహం తిప్పుకుని చెప్పాడు. పరుపులో గాలి ఇంకో వారం ఆగితే పుండు ఎముకని పట్టేస్తుందట. పట్టేశాక తన దగ్గరికి తెచ్చి లాభం లేదట.

ఎనిమిది వాట్లు. ఊళ్ళో క్రైస్తవుల ప్రతి ఇంటి మీదా వెలుగుతున్న కాగితపు నక్షత్రం అంతకంటే ఎక్కువ తింటుంది.

ఏటి నడుమ లంకలో వీళ్ళ ఇల్లు గోదావరి కోతకి జారిపోయింది. ఆ నేలకి పట్టా లేదు కనక ఇల్లు పోయినట్టు కాగితంలో లేదు. లేని ఇల్లు పోయిందని ఎవరు రాస్తారు? అందుకని సాలమోను పాత ట్రాక్టరు ట్రక్కు మీద ఇనప చట్రం లేపి, రేకులు కొట్టి, గది కట్టాడు. ఈసారి ఏరొస్తే ఇంటినే లాక్కుపోతానన్నాడు. బాగానే ఉంది. చక్రాలున్న ఇంటికి డోరు నంబరివ్వరు. డోరు నంబరు లేందే మీటరివ్వరు. నేల లేనివాడికి దీపం కూడా లేదని చట్టంలో ఎక్కడా రాయలేదు. రాయకుండానే జరిగిపోతోంది.

ఎండకైతే ఆసామి లేడు కదా అనుకున్నాడు సాలమోను.

ఉన్నాడు. పదకొండు గంటలకి స్కూటరు మీద వచ్చాడు.

పోలిరాజు ఆ కొబ్బరితోట ఆసామి. చెడ్డవాడని ఊళ్ళో ఎవరూ అనరు. ఎలీషా పడింది ఈ తోటలోనే, ఆ నాలుగో చెట్టు మీంచే. కాయల దింపు జరుగుతుండగా గెలతో సహా జారి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రికి తన కారులోనే పంపించాడు పోలిరాజు. ఆ తరవాత తోటలో మూల జాగా చూపించి బండి పెట్టుకోమన్నాడు, కాపలా కూడా ఉంటారు కదా అని. ఒక నడుముకి ఒక మూల జాగా. అక్కడితో ఆ లెక్క తీరిపోయింది.

"ఎలా ఉన్నావు ఎలీషా?"

"ఆయ్, తమ దయండి."

"ప్యానెళ్ళు బిగించేరే. చాలా బాగుందోయ్ సాలమోను. మోటారు షెడ్డుకి నాకూ ఒకటి పెట్టించు."

సాలమోను నేల చూస్తున్నాడు. ఇక దీవెనే ముందుకొచ్చింది.

"నీడ పడిపోతోందండి రాజుగారూ. మూల మీద నీడ పడినా ప్యానెలు మొత్తం పనిచెయ్యట్లేదండి. చెట్టు కొట్టమని అడగట్లేదండి. ఆ నాలుగో చెట్టుకి కింది మట్టలు ఓ ఆరు తీయిస్తే చాలని మావయ్యగారంటున్నారు."

పోలిరాజు చెట్టు వైపు చూశాడు. తరవాత ఎలీషా వైపు తిరిగి మెత్తగా నవ్వాడు.

"కోడలికి తెలీదు. నువ్వు చెప్పు ఎలీషా. పచ్చి మట్టలు తీస్తే ఏమవుతుంది?"

ఎలీషా తలుపులోంచి కనబడే నేల వైపు చూశాడు.

"చెప్పవయ్యా. నాకు నేర్పింది నువ్వే కదా."

"గెలకి ఆసరా పోద్దండి," అన్నాడు ఎలీషా గొంతు తగ్గించి. "గెల జారిపోద్ది. పచ్చి మట్ట కొడితే చెట్టు ఏడాది అలిగి కాపివ్వదండి."

"విన్నావా అమ్మా? ఆయన మాటే. కాయకి ఇప్పుడున్న ధరలో చెట్టు అలిగితే నేను తట్టుకోలేను." స్కూటరు మీద కూర్చున్నాడు. "అయినా మీకేంటోయ్. మీ ఇంటికి చక్రాలున్నాయి. ఎండెక్కడుంటే అక్కడికి లాక్కోండి. నేను ఉండమనీ అనను, పొమ్మనీ అనను. చెట్టు మాత్రం ముట్టుకోవద్దు. ముట్టుకుంటే ఇంక మన మధ్య మర్యాద ఉండదు."

"ఆయ్," అన్నాడు ఎలీషా.

స్కూటరు చప్పుడు దూరమయ్యేదాకా సాలమోను పళ్ళ బిగువున ఆగాడు.

"ఆయ్ అన్నావేంటి నాన్నా? నడుం విరిచినోడికి ఆయ్ అంటావా?"

"చెట్టు విరిచింది. ఆయన కాదు."

"నీ నడుం కంటే వాడి గెల ఎక్కువైందా నీకు?"

"నిజం అడిగేడు. నిజం చెప్పేను. అబద్ధం చెప్తే ఆయనకి తెలీదా?"

"అబద్ధం చెప్పాల్సింది నాన్నా. ఒక్కసారి. నీ కోసం."

ఎలీషా తల గోడ వైపు తిప్పుకున్నాడు. ఆ మనిషి దగ్గర తిప్పుకోడానికి మిగిలింది తలొక్కటే.

దీవెనకి ఇద్దరి మీదా కోపం వచ్చింది. ఎవరిని అనాలో తెలీక పంపు గొట్టాలు రెండూ సరిగ్గా ఉన్నాయో లేదో మళ్ళీ చూసింది. ఆయన్ని పక్కకి ఒత్తిగించింది. పుండు మీది గుడ్డ తడిసి ఉంది. కొత్త గుడ్డ వేస్తూ, "బండి కాస్త జరుపుకుంటే కుదరదా మావయ్యగారూ?" అనడిగింది.

"ముందుకి జరిపితే కాయలు నెత్తిన పడతాయి. వెనక్కి జరిపితే వెనక వరస నీడ. తుఫానుకి నాలుగు చెట్లు పోబట్టి ఈ మాత్రం ఆకాశమైనా ఉందమ్మాయ్. కోనసీమలో చెట్టు లేని చోటు ఏదో నువ్వే చెప్పు."

ఆమెకి తెలుసు. ముగ్గురికీ తెలుసు. ఊరి చివర కాలువ అవతల, తలకాయెత్తితే అడ్డం లేని ఆకాశం ఉన్న అరెకరం. సమాధుల తోట. పేరుకి తోటే గాని ఒక్క చెట్టు లేదు. శిలువలు నీడనిస్తే ఎంతిస్తాయి?

సాలమోను సైకిలెక్కి చర్చికెళ్ళి సంఘం పెద్దల్ని అడిగొచ్చాడు. ఒక మూలకి బండి నిలుపుకుంటామని, పొద్దు ఉత్తరానికి మళ్ళేదాకా, రెండు నెలలు. జవాబు ఆరాధన కాగానే చెప్తామన్నారు.

జవాబు పన్నెండున్నరకి వచ్చింది. సత్యానందం మాస్టారు ఆరాధన ముగించుకుని, బైబిలు చంకలో పెట్టుకుని, తెల్లపంచెకి బురదంటకుండా గట్టు మీద అడుగులో అడుగేసుకుంటూ వచ్చాడు. రిటైరైన హెడ్మాస్టరు, సంఘం పెద్ద. ఆ పేటలో సగంమంది ఉద్యోగాలు ఆయన బెత్తం చలవే. సాలమోనుకీ ఆయనే చదువు చెప్పాడు.

ప్రార్థన చేశాడు. మంచి ప్రార్థనే చేశాడు. ఆమెన్ అన్నాక కూడా కాసేపు కళ్ళు తెరవలేదు. దీవెనకి అప్పుడే అర్థమైపోయింది.

"కమిటీ ఒప్పుకోలేదా మాస్టారండి?" అంది.

"ఒప్పుకోలేదమ్మా."

"చచ్చినోళ్ళు అభ్యంతరం చెప్పేరా మాస్టారూ?" సాలమోను గుమ్మంలోంచి అన్నాడు.

"వెటకారం వద్దురా. నా మాట విను. ఆ అరెకరానికి కూడా మనకి కాగితం లేదు. పదకొండేళ్ళుగా తిరుగుతున్నాం. ఇప్పుడు ఫైలు కదిలింది. కొలతలకి ఏ రోజైనా వస్తారు. వచ్చినప్పుడు అక్కడ ఒక సంసారం, వంట పొయ్యి, ఆరేసిన బట్టలు కనబడ్డాయనుకో. ఇది శ్మశానం కాదు, ఇళ్ళ ఆక్రమణ అని రాసి పారేస్తారు. అప్పుడు రేపు మన పేటలో ఎవరు పోయినా మళ్ళీ ఏటిగట్టునే పూడ్చాలి. ఒక్క మనిషి కోసం..."

మాట మింగేశాడు. ఎలీషా వింటున్నాడని ఆలస్యంగా గుర్తొచ్చింది.

"నిజమే కదండి మాస్టారూ," అన్నాడు ఎలీషా. "అందరి సంగతీ చూడాలి మీరు."

"నన్ను క్షమించు ఎలీషా."

"అయ్యో, పర్లేదండి. పోయేక ఎలాగూ ఇస్తారు కదండి జాగా. ఓ రెండు నెలలు ముందడిగేడు మావోడు. అంతే."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తీశాడు. వెళ్ళేటప్పుడు బురద చూసుకోలేదు. తెల్లపంచె అంచు నల్లబడింది.

తప్పెవరిది? ఆసామి చెట్టు కాచుకున్నాడు. పెద్దలు సమాధులు కాచుకున్నారు. ఎవరికీ చెయ్యి మురికి కాలేదు. బతికున్న మనిషి మాత్రం అంగుళం అంగుళం కుళ్ళిపోతున్నాడు, మీద అంత సూర్యుడు పెట్టుకుని.

కీచు ఇప్పుడు దగ్గర దగ్గరగా వస్తోంది.

సాలమోను ట్రక్కు కిందికి వంగి గోనెసంచి లాగాడు. అందులోంచి మోకు తీశాడు. నడుముకీ చెట్టుకీ చుట్టి ఎక్కే లావుపాటి తాడు, కాళ్ళకి వేసుకునే బందం, కత్తి. తండ్రి సామాను. ఆయన పడిననాటి నుంచి ఎవరూ ముట్టుకోలేదు. అంతకుముందు కూడా సాలమోనుని ముట్టుకోనివ్వలేదు ఎలీషా. నీ చేతికి మోకు మచ్చ పడకూడదని చదివించాడు, పడకూడదనే మస్కట్ పంపాడు.

దీవెన ఎదురెళ్ళి తాడు పట్టుకుంది.

"ఎక్కడికండి?"

"తెలీదా నీకు?"

"ఎప్పుడైనా ఎక్కేరా మీరు?"

"ఈ రోజు ఎక్కుతాను."

"ఎక్కితే ఆయన బండి తీయించేస్తారు. విన్నారు కదా. మట్ట పడితే తోటంతా వినబడతాది."

"తీయించనీ. వారం ఎండొస్తే వారం గాలుంటాది. ఆ తరవాత సంగతి ఆ తరవాత."

"మీకేమైనా అయితే? ఇంకో పరుపు కొనమంటారా? లోపల జాగా ఉందా, పక్కపక్కన వెయ్యడానికి?"

అది అనకూడని మాట. అనేసింది. సాలమోను ఆమె వేళ్ళు ఒకటొకటిగా తాడు మీంచి విడిపించాడు. గట్టిగా కాదు. అలా మెల్లిగా విడిపిస్తుంటే ఆమెకి ఇంకా భయం వేసింది.

"దీవెనా. నేను తప్పు లెక్క వేసేను. నాన్నది కాదు తప్పు, నీది కాదు. నాది. నన్ను దిద్దుకోనీ."

వెళ్ళిపోయాడు. నాలుగో చెట్టు మొదట్లో నిలబడి తాడు చుట్టుకుంటుంటే ముడి రెండుసార్లు జారింది. మూడోసారి పడింది. కాళ్ళకి బందం వేసుకుని చెట్టుని వాటేసుకున్నాడు. ఒక్కొక్క గెంతుకీ ఆగుతున్నాడు.

పది అడుగులు. పదిహేను. చెట్టు మీద ఎలీషా ఏళ్ళతరబడి ఎక్కీ దిగీ అరగదీసిన నున్నటి మరకలున్నాయి. సాలమోను కాళ్ళు వాటి మీదే పడుతున్నాయి, అక్కడే జారుతున్నాయి.

సగం పైకెళ్ళాక ఆమె చెవికి ఏదో తేడాగా తగిలింది. పంపు చప్పుడు మారింది. ఆగలేదు. తేలికైపోయింది, బరువు దించుకున్న మనిషిలాగ.

లోపలికి పరిగెత్తింది.

ఎలీషా కుడిచేతి పిడికిట్లో రెండు రబ్బరు గొట్టాలున్నాయి. పంపు నుంచి ఊడదీసి, మడత పెట్టకుండా, చివర్లు బయటికి ఉండేలా పట్టుకున్నాడు. పరుపు ఊపిరి వాటిలోంచి సన్నగా పోతోంది. ఆయన మొహంలో కోపం లేదు. పనిలో ఉన్న మనిషి మొహంలాగ ఉంది.

"అదేం పని మావయ్యగారూ? ఇలా ఇవ్వండి."

"వాణ్ణి దిగమను."

"ముందు గొట్టాలివ్వండి."

"గాలి అక్కర్లేనోడికి కరెంటెందుకు? కరెంటక్కర్లేకపోతే చెట్టెందుకు? వాడు నేల మీద కాలు పెడితే ఇచ్చేస్తాను. అప్పటిదాకా ఇవ్వను."

ఆమె ఆయన పిడికిలి మీద చెయ్యి వేసింది. నడుము కింద చచ్చుబడిపోయిన మనిషికి చేతుల్లో ఆ బలం ఎక్కడిదో. ముప్పై ఎనిమిదేళ్ళు కొబ్బరిచెట్టుని పట్టుకున్న చెయ్యి అది. వేలు కూడా కదలలేదు.

"ఏవండీ!" బయటికి అరిచింది. "దిగిపోండి! మావయ్యగారు గొట్టాలు పీకేసేరు. దిగితే గాని ఇవ్వనంటున్నారు."

అప్పటికి అతను చెట్టు తల దాకా చేరాడు. విన్నాడో లేదో. కత్తి దెబ్బ వినబడింది. ఇంకోటి.

"వాడి కాలెక్కడుంది?" ఎలీషా ఉన్నట్టుండి అడిగాడు. "చూడమ్మాయ్. ఎడమకాలు పైనుందా కుడిదా?"

"కుడిది."

"తప్పు. కత్తి కుడిచేతిలో ఉన్నప్పుడు ఎడమకాలు పైనుండాలి. చెప్పు వాడికి. ముందది చెప్పు."

ఆమె గుమ్మంలో నిలబడి అదే అరిచింది. ఏ మాట వినబడాలో ఏది వినబడకూడదో ఆమెకే తెలీలేదు.

మట్ట ఊడింది. పెద్ద రెక్కలాగ తిరుగుతూ వచ్చి నేలని కొట్టింది. తోటంతా వినబడింది. అవతలెక్కడో కుక్క మొరిగింది. అంతలోనే, కప్పు మీద ఒక ప్యానెలు మేర నీడ తొలిగి ఎండ పడింది.

కీచు ఆగింది. ఎర్రదీపం ఆరి పచ్చదీపం వెలిగింది.

"వచ్చిందా నాన్నా?" ఆకాశం మీంచి సాలమోను కేక. నవ్వుతున్నట్టుంది గొంతు. "చెప్పు నాన్నా, వచ్చిందా?"

ఎలీషా కళ్ళు మూసుకున్నాడు. పిడికిలి విప్పలేదు. పరుపు ఆయన కింద మెల్లిగా, చప్పుడు లేకుండా, మంచం చెక్కకి దిగిపోతోంది.

పచ్చదీపం కింద పంపు మాత్రం నిండు ఓపికతో కొట్టుకుంటోంది, ఎవరికీ అందని గాలిని గదిలోకి వదులుతూ.